సుకన్య పెట్టిన ఛార్జింగ్

ఏప్రిల్ 4, శుక్రవారం

ఈ డైరీ పురుగుమందుల షాపువాళ్లు సంక్రాంతి ముందు ఇచ్చింది. ప్రతి పేజీ కిందా ఒక పురుగు బొమ్మ, పక్కన దానికి కొట్టాల్సిన మందు పేరు. ఇవాళ్టి పేజీకి తామర పురుగు వచ్చింది. తెచ్చిన రోజే సుకన్య అటూ ఇటూ తిప్పి చూసి, "మీ జీవితంలో రాసుకునేంత విశేషం ఏముందండీ, పాలవాడు రాని రోజులు రాసుకోండి" అని నవ్వింది. అది కూడా రాయలేదు.

పెద్దకర్మ ముగిసింది. చుట్టాలంతా వెళ్లిపోయారు. ఆఖరున మా వదిన బయల్దేరుతూ ఇల్లంతా సర్దేసింది. ముందు గదిలో బల్ల మీదున్న, సుకన్య చేసిన థర్మోకోల్ విమానాలను కూడా అటక మీదికి ఎక్కించబోయింది. వాటి జోలికి పోవద్దని అరిచాను. మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ. ఆ బల్ల సుకన్యది. దాని మీద జిగురు సీసా మూత ఎక్కడ పడి ఉందో అక్కడే ఉండాలి.

బల్ల చివర నాలుగు బ్యాటరీలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి ఆడవాళ్ల పర్సులో పట్టేంత. ఆ శనివారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, స్నానం చేసి, వాటి పక్కనే కూర్చుని ఒకటి తర్వాత ఒకటి ఛార్జింగ్ పెట్టింది. తెల్లవారితే ఆదివారం, శావల్యాపురం పొలాల్లో రిమోట్‌తో విమానం ఎగరేయాలి. తెల్లవారింది. కాఫీ కలుపుతూ తల పట్టుకుని పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. గుంటూరు తీసుకెళ్లాం. మెదడులో నరం చిట్లిందన్నారు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

బ్యాటరీలు మాత్రం నిండుగా ఉన్నాయి.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పక్క వీధి పందిట్లో పానకం పంచుతున్నారు. ఎవరో గ్లాసు తెచ్చి ఇచ్చారు. తాగాను.

మహబూబ్ వచ్చాడు. పల్నాడు రోడ్డులో అతనికి ఇన్వర్టర్ల షాపు ఉంది. సుకన్య విమానాలకు వైర్లు అతికించడంతో మొదలై, ఆఖరికి తనూ ఎగరేయడం నేర్చుకున్నాడు. సుకన్యను అక్కా అంటాడు కాబట్టి నన్ను బావా అంటాడు. కూర్చున్నాడే గానీ బల్ల వైపే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ లేచి వెళ్లి బ్యాటరీలు ముట్టుకోబోయాడు.

"బావా, ఇయ్యి నిండుగానే ఉన్నయ్యా? అక్క పెట్టిందేనా?"

"ఆ."

"పదిహేను రోజులు కాలా? ఇట్టా ఉంచగూడదు. రేపు ఎగరేస్తాం అంటే ఇయ్యాళ నింపుకోవాల. ఎగరేయకపోతే మళ్లా సగానికి దించి పెట్టుకోవాల. నిండుగా వదిలేస్తే లోపల గ్యాసు పుట్టుద్ది. ఉబ్బుతయ్యి. అక్క నీకు చెప్పలా?"

చెప్పే ఉంటుంది. ఆమె చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్న మొగుణ్ణి కాదు నేను.

"దించితే ఆ ఛార్జింగ్ ఎటు పోద్ది?" అనడిగాను.

"ఎటు పోయేదేంది? ఛార్జర్‌కి పెట్టి వెనక్కి లాగుతాం. వేడెక్కి గాల్లో కలిసిపోద్ది."

గాల్లో కలిసిపోతుందట. ఎంత తేలిగ్గా అన్నాడో. వీటిని ఇప్పుడే షాపుకి తీసుకుపోతానన్నాడు. వద్దు, ఛార్జర్ ఇక్కడే ఉందిగా, నేను దించుకుంటానులే అన్నాను. మీటలు ఎలా నొక్కాలో రెండుసార్లు చూపించి వెళ్లాడు.

ఏప్రిల్ 7

దించలేదు.

ఏప్రిల్ 12, శనివారం

ఓల్టేజీ చూసే పరికరం ఒకటుంది, వేలెడంత. బ్యాటరీకి ఉన్న చిన్న తెల్ల పిన్నుకు తగిలిస్తే కుయ్యిమని అరిచి అంకెలు చూపిస్తుంది. నిండుగా ఉంటే పన్నెండు పాయింట్ ఆరు. నాలుగూ దాదాపు అంతే ఉన్నాయి. ఉబ్బు లేదు, వేడి లేదు. మహబూబ్ అన్నీ పెద్దవి చేసి చెబుతాడు.

సుకన్య వాటి మీద ఎర్ర గోళ్లరంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేసుకుంది. మూడోది తొందరగా వేడెక్కుతుంది. దానికి "మీ అన్నయ్య" అని పేరు పెట్టింది. మా అన్నయ్య ఎదురుగా ఉన్నప్పుడే ఒకసారి "ఇవాళ మీ అన్నయ్యను ఇంట్లో వదిలేద్దాం, మరీ కాలిపోతున్నాడు" అంది. ఆయన బిత్తరపోయి నా వంక చూశాడు. ఎంత నవ్వుకున్నామో.

ఇది రాస్తూ కూడా నవ్వొచ్చింది. ఇంట్లో నా నవ్వు నాకే వినిపించి ఆపేశాను.

ఏప్రిల్ 15

తగ్గింది. రెండోది తగ్గింది. నాలుగోది కూడా. ఎవరూ వాడలేదు, దేనికీ తగిలించలేదు, బల్ల మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అయినా తగ్గింది.

మహబూబ్‌కి ఫోన్ చేసి, ఊరికే తెలుసుకోవడానికి అడుగుతున్నట్టు అడిగాను. ఓల్టేజీ చూసే ఆ చెకర్ కూడా బ్యాటరీ కరెంటుతోనే పని చేస్తుందట. "తగిలించినప్పుడల్లా అది కూడా కాసింత తాగుద్ది బావా" అన్నాడు. ఈ మూడు రోజుల్లో ఎన్నిసార్లు తగిలించానో నాకే తెలియదు. ఆమె పెట్టి వెళ్లింది, నేను కూర్చుని దాన్ని తాగించేస్తున్నాను.

ఇక చూడను.

ఏప్రిల్ 16

చూశాను.

ఏప్రిల్ 19, శనివారం

మళ్లీ డ్యూటీలో చేరి వారమైంది. మా కోల్డ్ స్టోరేజీలో ఇది ఊపిరి సలపని కాలం. ఈ ఏడు మిర్చికి ధర లేదు. అమ్మలేక అందరూ తెచ్చి పెడుతున్నారు. గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా ఉన్నాయి. హమాలీలు మిర్చి బస్తాలు, మా భాషలో టిక్కీలు, మోస్తుంటే ఘాటుకు తుమ్ములు, దగ్గులు. నాకు అలవాటే. సుకన్యకే అలవాటు కాలేదు. నేను వేసుకొచ్చిన చొక్కాను ఆమె చేతికర్రతో ఎత్తి బకెట్లో వేసేది.

అచ్చంపేట వైపు నుంచి అంకమ్మ అనే ఆవిడ వచ్చింది. ఏటా వస్తుంది. మొగుడు పోయాక కౌలు చేసుకుంటూ నెట్టుకొస్తోంది. టిక్కీలు ఒక్కొక్కటీ తడిమి లోపలికి పంపింది. ఆఖరి టిక్కీ వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఆర్నెల్లు పెట్టినా రంగు దిగదుగా?"

"దిగదమ్మా. పెట్టిననాడు ఎట్టుందో తీసేనాడు అట్టే ఉంటది. పూచీ నాది."

ఈ మాట పాతికేళ్లుగా ప్రతి రైతుకూ చెబుతున్నాను. నోటికి అలవాటైపోయిన మాట. ఇవాళ చెప్పాక మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆవిడ వెళ్లిపోయింది కూడా చూడలేదు.

పెట్టిననాడు ఎలా ఉందో తీసేనాడు అలాగే.

ఏప్రిల్ 21, సోమవారం

బ్యాటరీలకు పడనిది ఎండ. మా ముందు గది మధ్యాహ్నానికి కుంపటి. అందుకే తగ్గుతున్నాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉంది గానీ కరెంటు పోయినప్పుడల్లా అది చెమట కక్కుతుంది. స్టోరేజీలో మా ఛాంబర్లలో అలా కాదు. కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుంది. ఐదు డిగ్రీల దగ్గర కట్టి పడేసినట్టు ఉంటుంది. ఊరందరి పంటనూ కాపాడేవాణ్ణి, నాలుగు బ్యాటరీలను కాపాడలేనా?

ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సుకన్య స్కూలుకు పట్టుకెళ్లే స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టాను. చెమ్మ తగలకుండా మూత బిగించాను. రెండో ఛాంబర్‌లో కింది వరసలో, అంకమ్మ టిక్కీల వెనక సందు ఉంది. అక్కడికి ఎవరూ రారు.

ఈ పని సుకన్య మీద బెంగతో చేసింది కాదు. ఏ వస్తువుకైనా దాని జాగ్రత్త దానికి ఉంటుంది.

చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

ఏప్రిల్ 29

బాగున్నాయి. తగ్గుదల లేనట్టే. నేను చెప్పలేదా!

రోజూ సాయంత్రం డబ్బా బయటికి తెచ్చి, ఆఫీసు గదిలో ఒక్కసారి మాత్రం చూసి మళ్లీ పెట్టేస్తున్నాను. ఒక్కసారికి ఏం కాదు.

మే 4, ఆదివారం

మహబూబ్ బిర్యానీ క్యారేజీ పట్టుకుని వచ్చాడు. వాళ్లావిడ పంపిందట. బల్ల చూడగానే అడిగాడు.

"బ్యాటరీ ప్యాకులు ఏయి బావా?"

"దించి లోపల పెట్టా."

"ఎంతకి దించావు?"

"సగానికి. నువ్వు చెప్పినట్టే."

"ఒక్కో సెల్లు ఎన్ని ఓల్టులు చూపిచ్చింది?"

"నువ్వేమన్నా ఇన్‌స్పెక్టరువా? దించానంటే దించాను."

నా అబద్ధం అతనికి తెలిసిందనే అనుకుంటున్నాను. పోతూ పోతూ, "వచ్చే ఆదివారం అక్క విమానం ఎగరేద్దామా? నేను రిమోట్ పట్టుకుంటా, నువ్వు విసురు" అన్నాడు. సుకన్యకూ నాకూ మధ్య పని పంపకం అదే కదా. రిమోట్ సుకన్యది. విమానాన్ని తల మీదికెత్తి, నాలుగు అడుగులు పరుగెత్తి గాలిలోకి విసరడం నాది. బుర్ర పని తనకి, కూలి పని నాకు అని ఆమె అనేది.

ఎండలు తగ్గాక చూద్దాం అన్నాను. ఎండలు తగ్గేది ఎప్పుడో అతనికీ తెలుసు.

బిర్యానీ మొత్తం ఒక్కణ్ణే తిన్నాను. మిగిలిస్తే ఎవరు తింటారు?

మే 11, ఆదివారం

ఆదివారాలు ఉండకపోతే ఎంత బాగుండేది. మిగతా రోజులు స్టోరేజీలో గడిచిపోతాయి. ఆదివారం కూడా వెళ్దామంటే ఓనరు గారు ఒప్పుకోరు, "ఇంట్లో విశ్రాంతి తీసుకో పుల్లారావ్" అంటారు. ఇంట్లో ఏముంది విశ్రాంతి? పొద్దున లేచి కాఫీ పెట్టాను. చెయ్యి అలవాటుగా రెండు కప్పులు తీసింది. ఒకటి మళ్లీ లోపల పెడదామని తీసి, పెట్టలేక, రెండింటిలోనూ పోసి రెండూ తాగాను. ఎవరు చూడొచ్చారు?

మాకు పిల్లలు లేరు. అది బాధ అనిపించిన రోజులు ఎప్పుడో దాటిపోయాం. హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి ఇంటికి వచ్చాక కూడా సుకన్యకు అదే లోకం. ఏదో సైన్సు ఎగ్జిబిషన్‌కి థర్మోకోల్ విమానం చేయించింది. అది ఎగరలేదు. అందుకని పంతం పట్టింది. ఎక్కువ బ్యాటరీ పెడితే బలం వస్తుంది గానీ బరువెక్కి లేవదు. చిన్నది పెడితే లేస్తుంది గానీ రెండు నిమిషాలకే దిగిపోతుంది. ఈ లెక్క మీద ఆమె ఎన్ని రాత్రుళ్లు, ఎన్ని కాగితాలు ఖర్చు పెట్టిందో! ఆఖరికి ఒకరోజు భోజనం మధ్యలో లేచి, "దొరికిందండీ" అని చప్పట్లు కొట్టింది. ఆ దొరికింది ఈ బ్యాటరీనే. నాలుగు తెప్పించింది.

సాయంత్రం ఆగలేక స్టోరేజీకి వెళ్లాను. స్వెటర్ వేసుకుని ఛాంబర్లో, టిక్కీల మధ్య కూర్చున్నాను. బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల నోట్లోంచి పొగ. డబ్బా ఒళ్లో పెట్టుకుని కాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను. మేస్త్రీ మౌలాలీ తలుపు తీసి, "ఏంది సారూ, సల్లగా ఉందని ఈడ దూరావా?" అని నవ్వాడు. ఉష్ణోగ్రత చూస్తున్నానన్నాను.

మే 18

డబ్బా బయటికి తీయగానే లోపల కూడా చెమట పట్టింది. కవర్లలో నీటి చుక్కలు. తుడిచి పెట్టాను. పిన్నుల దగ్గర కాస్త పచ్చగా చిలుము పట్టింది. చీరల పెట్టెలో వెండి గిన్నెలు నల్లబడవా? ఇదీ అంతే.

మే 23

మూడోది కాస్త లావైనట్టు అనిపించింది. అనిపించడమే.

మే 26

అనిపించడం కాదు. రెండోది, నాలుగోది కూడా కొంచెం మెత్తగా తగులుతున్నాయి. ఒకటోది గట్టిగానే ఉంది. మహబూబ్‌కి చెబితే వెంటనే వచ్చి దించేస్తాడు. చెప్పను. ఇంకో వారం చూస్తాను. ఈలోగా వానలు పడి చల్లబడితే వాటంతట అవే సర్దుకోవచ్చు.

ఇంత చదువుకున్న ఆవిడతో ఇన్నేళ్లు కాపురం చేసి కూడా, బ్యాటరీలు వానకు సర్దుకుంటాయని రాస్తున్నాను. కొట్టేయాలనిపించింది. ఉండనీ.

మే 30, శుక్రవారం

చెయ్యి మంటగా ఉంది. బర్నాల్ రాశాను. అయినా ఇవాళే రాయాలి.

పొద్దున పదకొండింటికి అంకమ్మ వచ్చింది. టిక్కీలు ఒకసారి చూసుకుంటానంది. ధర ఇంకా లేవలేదు, అయినా చూసుకుంటే ధైర్యంగా ఉంటుందట. కుదరదని చెప్పొచ్చు. ఎందరికో చెప్పాను. ఆవిడకు చెప్పలేకపోయాను. లోపలికి తీసుకెళ్లాను. చీర కొంగు భుజాల చుట్టూ లాక్కుని ఒక్కో టిక్కీ మీద చెయ్యి వేసి నడుస్తోంది.

"ఈ ఏడు నా కట్టమంతా ఈడనే ఉంది అన్నయ్యా. ఇంటికాడ గింజ లేదు" అంది.

వరస చివరకు వచ్చి వెనక్కి తొంగిచూసింది.

"ఇదేంది, ఎవురో అన్నం డబ్బా మర్చిపోయారే! పాడు గాను, మూత కూడా లేచిపోయింది."

చెయ్యి చాచింది. అప్పుడు చూశాను. నేను బిగించిన మూత ఒక పక్కకు పైకి లేచి ఉంది. లోపలినుంచి ఏదో నెట్టినట్టు.

"ముట్టుకోమాక!" అని అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి టిక్కీల మీద పడింది. డబ్బా లాక్కుని పరుగెత్తాను. ఛాంబర్ తలుపు, వరండా, హమాలీల మధ్యలోంచి కాటా దాటి, గోడ పక్కన కొత్త షెడ్డు కోసం పోసిన ఇసక కుప్ప దగ్గరకి. అక్కడ పెట్టి అందరినీ దూరం పొమ్మన్నాను. నేను కూడా పోవాలి. పోలేదు. మూత లాగి ఒకటోది, రెండోది, నాలుగోది ఒక్కొక్కటే తీసి అవతలికి విసిరాను. మూడోది దిండులా ఉబ్బిపోయి ఉంది. పిన్ను దగ్గర వైర్లు తుప్పుతో ఒకదానికొకటి అంటుకున్నాయి. దాన్ని తీయబోతుంటే చుర్రుమంది. చేతిలోంచి వదిలేశాను. వెంటనే తెల్లటి పొగ, ఆ వెనకే నిలువెత్తు మంట.

ఇసకలో అది కాలిపోతుంటే అందరూ చూస్తూ నిలబడ్డారు. తియ్యటి వాసన ఒకటి వచ్చింది. మౌలాలీ పారతో ఇసక పోశాడు. పోసేకొద్దీ లోపలినుంచి పొగ వస్తూనే ఉంది.

నాకు ఇసకలో మంట కనబడలేదు. అదే మంట రెండో ఛాంబర్లో, ఎండు మిర్చి మధ్య, తలుపు మూసి ఉండగా కనబడింది. ఒక్క అంకమ్మవి కాదు, ఎన్ని ఊళ్ల టిక్కీలు ఉన్నాయి అందులో!

అంకమ్మ నా పక్కకు వచ్చింది.

"అది నా టిక్కీల ఎనకాల ఎన్నాళ్ల నించి ఉంది?"

"నెల దాటింది."

"ఎవురు పెట్టారు?"

"నేనే."

"ఏముంది అందులో?"

బ్యాటరీలు అంటే సరిపోయేది. "మా ఆవిడ పోయే ముందు పెట్టిన ఛార్జింగ్ అమ్మా. తగ్గకుండా ఉంటదని పెట్టాను" అన్నాను. ఇంతమంది మధ్య ఆ మాట బయటికి వచ్చాక దాని తెలివితక్కువతనం నాకే తెలిసింది. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ జాలిపడుతుందనుకున్నాను. ఓదార్పు మాట ఒకటి వస్తుందనుకున్నాను.

"మా ఆయన పోయినప్పుడు నేను కూడా ఏడ్చాను. మా ఇంట్లో ఏడ్చాను. నీ బాధ తెచ్చి నా పంట కింద పెడితే ఎట్టా అన్నయ్యా?"

అనేసి వెళ్లి, తన టిక్కీలున్న ఛాంబర్ తలుపు దగ్గర కూర్చుంది. సాయంత్రం ఆఖరి బస్సు దాకా అక్కడే కూర్చుంది.

మే 31

ఓనరు గారికి నేనే చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. సోమవారం నుంచి కాటా దగ్గర కూర్చోమన్నారు. ఛాంబర్ల తాళాలు మౌలాలీకి ఇప్పించారు. పాతికేళ్లుగా నా నడుముకు ఉన్న తాళాల గుత్తి.

నాకే అప్పగించి ఉంటే నేనే వద్దనేవాణ్ణి.

జూన్ 1, ఆదివారం

మహబూబ్‌కి మౌలాలీ ద్వారా తెలిసిపోయింది. పొద్దున్నే వచ్చి ముందు నా చెయ్యి చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"నీకు బుర్ర ఉందా బావా? స్టీలు డబ్బాలోనా? గాలి కూడా పోకుండానా? బాంబు తయారుచేసి మిర్చిలో పెట్టావు గదా! అక్క ఉంటే నిన్ను ఏమనేదో తెలుసా?"

"తెలుసు."

"ఏమనేది?"

చెప్పబోయాను. అతని ముందే ఏడ్చాను. పెద్దకర్మ రోజు కూడా ఇలా ఏడవలేదు. ఆమెను తీసుకెళ్లిన వాళ్లు, కాల్చిన వాళ్లు, అన్నం పెట్టిన వాళ్లు అందరూ నా చేత ఏవేవో చేయించారు గానీ, ఆమె చేసి వదిలేసిన పని ఒక్కటే నాకు మిగిలిందని, అది కూడా గాల్లో కలిపేయమంటే ఎలా అని, ఏదేదో అన్నాను. మహబూబ్ లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. నేను తాగేదాకా నిలబడి ఉన్నాడు.

తర్వాత మూడు బ్యాటరీలూ బల్ల మీద పెట్టి చూశాడు. రెండోదీ నాలుగోదీ ఉబ్బాయి, పనికిరావు. వాటిని ఛార్జర్‌కి తగిలించి వెనక్కి లాగాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. ఛార్జర్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. అతను వద్దనలేదు.

ఒకటోదాన్ని మాత్రం తిప్పి తిప్పి చూశాడు. వేలితో నొక్కాడు. పిన్ను కోసేసి కొత్తది అతికించి, ఓల్టులు చూశాడు.

"ఇది బానే ఉంది బావా. లోపలి మూడు సెల్లులూ సమానంగా ఉన్నయ్యి. దీన్ని ఛార్జర్‌కి పెట్టి తగలేయటం ఎందుకు? అక్క దీన్ని దాయటానికి నింపిందా? ఎగరేయటానికి నింపింది."

శనివారం వాళ్ల పండగ, అది వెళ్లాక ఆదివారం వస్తానన్నాడు. అప్పటిదాకా దాన్ని తన షాపులోనే ఇసక బకెట్లో పెట్టుకుంటానని తీసుకుపోయాడు. నా మీద నమ్మకం లేదు. ఉండక్కర్లేదు.

జూన్ 5

కాటా దగ్గర కూర్చుంటే రోజంతా లారీలు బరువెక్కి దిగడం చూడటమే. ఇవాళ అంకమ్మ వచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుని మౌలాలీ దగ్గరికి వెళ్లింది. పోయేటప్పుడు మాత్రం ఆగి, "చెయ్యి తగ్గిందా?" అంది. తగ్గిందమ్మా అన్నాను.

జూన్ 7, శనివారం

ఇవాళ ఏమీ చేయాల్సింది లేదు. ఆమె ఉంటే ఈ వేళకు ఛార్జింగ్ పెట్టి కూర్చునేది. బ్యాటరీ ఎప్పుడో నిండింది.

వెళ్లకపోతే? జ్వరం వచ్చిందని చెబితే?

జూన్ 8, ఆదివారం

వెళ్లాను.

తెల్లవారుతుండగా మహబూబ్ వచ్చాడు. విమానం నేనే పట్టుకుని బండి వెనక కూర్చున్నాను. పసుపు రంగు రెక్కలు. గాలికి చేతుల్లోంచి లాక్కుపోయేలా ఉంది. అలాగే శావల్యాపురం చేరాం. పొలాలు దున్ని ఉన్నాయి, ఇంకా విత్తనం పడలేదు. ఎప్పుడూ నిలబడే గట్టు మీదే నిలబడ్డాం.

బ్యాటరీ లోపల పెట్టి వైరు కలపగానే మోటారు మూడుసార్లు కూసింది. "ఐదు నిమిషాలు వస్తది బావా. ఆరు రావచ్చు" అన్నాడు. రెండున్నర నెలలు దాచిందానికి వచ్చేది ఐదు నిమిషాలు. వద్దు, తీసెయ్ అని నోటి చివర దాకా వచ్చింది.

"ఇసరనా?" అన్నాను.

"ఇసురు."

తల మీదికెత్తాను. ప్రొపెల్లర్ గాలి నా మొహాన కొట్టింది. పరుగెత్తి విసిరాను. చేతుల్లోంచి వెళ్లిపోయింది.

విసిరాక ఎప్పుడూ చేసే పనే చేశాను. వెనక్కి తిరిగాను. అక్కడ మహబూబ్ నిలబడి ఉన్నాడు, పెదవి కొరుక్కుంటూ, కళ్లు చిట్లించి.

ఇన్నేళ్లలో ఆ విమానం ఎగరడం నేను సరిగ్గా చూడనే లేదు. విసరగానే వెనక్కి తిరిగి సుకన్యను చూసేవాణ్ణి. విమానం లేచేటప్పుడు ఆమె కూడా మడమలు ఎత్తేది. అది మలుపు తిరిగితే భుజం వంచేది. నోరు కొంచెం తెరిచి చిన్నపిల్లలా ఉండేది. విమానం ఎక్కడుందో ఆమె మొహంలోనే తెలిసేది, ఇక పైకి చూడటం దేనికి? "ఎలా ఎగిరిందండీ?" అని అడిగితే, "బ్రహ్మాండం" అనేవాణ్ణి.

ఇవాళ చూడటానికి ఆ మొహం లేదు. అందుకని పైకి చూశాను.

అది అంత పైకి వెళ్తుందని నాకు తెలియదు. అంత నింపాదిగా తిరుగుతుందని తెలియదు. ఎండ తగిలినప్పుడు రెక్క పసుపు వెలుగుతుంది, తిరిగినప్పుడు కనబడకుండా పోయి మళ్లీ వస్తుంది. ఇదంతా ఆమె ఎన్ని ఆదివారాలు చూసిందో, చూడండీ చూడండీ అని ఎన్నిసార్లు అందో. మెడ నొప్పెట్టేదాకా చూశాను. కళ్లు తుడుచుకుంటే ఆ కాసేపు పోతుందని తుడుచుకోలేదు.

విమానంలోంచి కీచుమని అలారం మొదలైంది. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు అరుస్తుంది అది.

"దించనా బావా?"

"ఇంకొక్క చుట్టు."

ఒక చుట్టు తిప్పాడు. అలారం ఆగకుండా అరుస్తోంది.

"ఇంకోటి."

"పడిపోద్ది బావా. అక్క చేత్తో చేసిన విమానం."

"సరే. దించు."

దున్నిన చాలులో మెల్లగా దిగి, ముక్కు మట్టికి ఆనించి ఆగింది. నేనే వెళ్లి తెచ్చాను. మహబూబ్ మూత తీసి, వైరు విడదీసి, బ్యాటరీ నా చేతిలో పెట్టాడు.

వెచ్చగా ఉంది. ఎగిరి దిగిన బ్యాటరీ వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. ఎప్పుడూ అది తీసింది ఆమే. జ్వరం వేడిలా కాదు, నిద్ర లేచిన మనిషి చెయ్యిలా ఉంది. మహబూబ్ ఏదో అడుగుతున్నాడు. చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి మూసి పెట్టి, పోదాం అన్నాను.

దారి పొడుగునా చెయ్యి తీయలేదు. బండి మీద గాలి తగలకుండా అతని వీపుకు దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఊరి మొదట్లో రైలు గేటు వేసి ఆపేశారు. అప్పటికి ఇంకా కొంచెం ఉంది. గేటు తీశారు. బజారు దాటాం.

ఇంటి ముందు దిగి జేబులోంచి తీసేసరికి చల్లబడిపోయింది.

మహబూబ్ వెళ్లిపోయాడు. తాళం తీసుకుని లోపలికి వచ్చాను.